డబ్బీలోని నాణెం, పేదవాని హక్కు



 

నార్సింగిలో జుమా నమాజు అయిన తర్వాత ఒక సోదరుడు నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగారు. ఆయన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. నమాజు, ఉపవాసాల్లో లోటు చేయని మనిషి. ఏటా రమజానులో తన జీతం మిగులుపై, భార్య నగలపై లెక్కకట్టి జకాత్ ఇస్తారు. అయితే కొన్నేళ్లుగా ఆయనకు ఒక సరదా పట్టుకుంది. వేర్వేరు దేశాల టంకశాలలు సేకర్తల కోసమే ముద్రించే స్మారక బంగారు నాణేలను తెప్పించుకుంటున్నారు. ఒక్కోటి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో సీలు వేసి, ధృవపత్రంతో సహా వస్తుంది. చేత్తో ముట్టుకుంటే మచ్చ పడుతుందని డబ్బీ మూత కూడా తీయరు. “ఇవి నేను ఖర్చుపెట్టుకునే డబ్బు కాదు. అమ్మడానికి కొన్న సరుకూ కాదు. కొందరు తపాలా బిళ్లలు పోగుచేస్తారు, నేను ఇవి పోగుచేస్తాను. వీటి మీద కూడా జకాత్ ఉంటుందా?” అన్నది ఆయన ప్రశ్న.

ఉంటుంది. జవాబు ఈ ఒక్క మాటే. కాని ఎందుకు ఉంటుందో, ఎంత ఉంటుందో, వాటిని కొనడంలో, మార్చుకోవడంలో ఏ జాగ్రత్తలు పాటించాలో చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. పైగా ఈ సందేహం ఆయన ఒక్కరిది కాదు. నార్సింగి, కోకాపేట, మణికొండ ప్రాంతాల్లో మన పిల్లలు చేస్తున్న సంపాదన వారి తాత తండ్రుల ఊహకు అందనిది. 2023 ఆగస్టులో పక్కనే కోకాపేటలో ప్రభుత్వ వేలంలో ఎకరం నేల 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. అంకెలు ఇంత పెద్దవైన చోట రెండు మూడు నాణేలు లెక్కలోకి రాకుండా జారిపోవడం వింతేమీ కాదు. అదే వీధిలో ఆ భవనాలను కట్టే కూలీలు రేకుల షెడ్లలో ఉంటున్నారు. మన మసీదు మెట్ల దగ్గర చేయి చాచే వితంతువుకు ఆ రెండు మూడు నాణేల మీది జకాత్ ఒక నెల బియ్యం, ఇంటి అద్దె.

తపాలా బిళ్లలతో పోలికను ముందుగా చూద్దాం. తపాలా బిళ్లలు, పాత పుస్తకాలు, గడియారాలు వంటివి మన ఇంట్లో ఎంత విలువైనవి ఉన్నా, వ్యాపారం కోసం కానంతవరకు వాటిపై జకాత్ లేదు. కాగితం స్వతహాగా సొమ్ము కాదు. బంగారం, వెండి అలా కాదు. వాటిని సొమ్ముగానే అల్లాహ్ పుట్టించాడు. అవి ఏ రూపంలో ఉన్నా, యజమాని ఉద్దేశం ఏదైనా వాటి స్వభావం మారదు. మరొక సంగతి గమనించండి. బంగారానికి జకాత్ పరిమితిని (నిసాబ్‌ను) షరీఅత్ 20 దీనార్లుగా నిర్ణయించింది. దీనారు అంటే ఏమిటి? బంగారు నాణెమే! దైవప్రవక్త (స) కాలంలో మదీనా బజారులో చెలామణి అయినవి రోము చక్రవర్తుల దీనార్లు, పారశీకుల వెండి దిర్హములు. ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో బొమ్మలు లేకుండా దైవ వచనాలతో ముద్రించిన దీనారు 4.25 గ్రాములు తూగుతుంది. దాన్ని 20తో గుణిస్తే వచ్చే 85 గ్రాములే నేడు చాలామంది పండితులు చెప్పే నిసాబ్. మన దేశంలో హనఫీ పండితులు ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు లెక్కిస్తారు. నగల విషయంలోనైనా పండితుల మధ్య అభిప్రాయభేదం ఉంది గాని, నాణెం విషయంలో లేదు. జకాత్ ఆదేశం మొదట వర్తించిందే నాణేనికి.

ఈ నగల భేదాన్ని కొందరు తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. హనఫీ మతంలో స్త్రీ ధరించే నగలపై కూడా జకాత్ ఉంది. షాఫయీ, మాలికీ, హంబలీ ఇమాముల ప్రకారం ధరించడం కోసం ఉన్న ధర్మసమ్మతమైన నగలపై లేదు. మన నగరంలోనే బార్కస్‌లో ఉన్న అరబ్బు మూలాల కుటుంబాలు షాఫయీ మార్గాన్ని అనుసరిస్తాయి. తెలుగువారి ఇళ్లలో కాసుల పేరు ఉంటుంది కదా, నాణేలకు కొలికీలు వేసి దండగా గుచ్చినది. అలా నగగా మార్చి మెడలో వేసుకున్నదాని గురించి ఆ ఇమాములు చర్చించారు. డబ్బీలో సీలు వేసి బీరువాలో పెట్టిన నాణెం ఏ ఇమాము దగ్గరా నగ కాదు.

విశ్వాసుల మాత హజ్రత్ ఉమ్మె సలమా (రజి) బంగారు ఆభరణాలు ధరించేవారు. ఇది ‘కన్‌జ్’ అవుతుందా, అంటే ఖుర్ఆన్ హెచ్చరించిన కూడబెట్టిన నిధి కిందికి వస్తుందా అని ఆమె దైవప్రవక్త (స)ను అడిగారు. జకాత్ పరిమితికి చేరిన బంగారంపై జకాత్ చెల్లిస్తే అది కన్‌జ్ కాదని ఆయన స్పష్టం చేసినట్లు అబూ దావూద్ హదీసు సంపుటంలో ఉంది. ఈ జవాబులో ఎంత ఊరట ఉందో, అంత హెచ్చరికా ఉంది. నాణేలు సేకరించవద్దని ఎవరూ అనడం లేదు. తౌబా సూరాలోని 34, 35 వాక్యాలు మాత్రం వినండి. బంగారం, వెండి పోగుచేసి అల్లాహ్ మార్గంలో ఖర్చు చేయనివారికి వాటినే నరకాగ్నిలో కాల్చి నుదుళ్లకు, పక్కటెముకలకు, వీపులకు వాతలు పెట్టడం జరుగుతుందని ఆ వాక్యాల భావం. ఏ వస్తువును మచ్చ పడకుండా దాచుకున్నామో ఆ వస్తువే మన ఒంటికి మచ్చ అవుతుందన్నమాట.

అసలు సేకర్తల కోసం నాణేలు ముద్రించడం అనే ఆచారం ఎలా వచ్చిందో కాస్త చూద్దాం. మనవాళ్లు ఎందరో పనికి వెళ్లే గల్ఫ్‌లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1971లో యు.ఎ.ఇ. ఏర్పడకముందు ఫుజైరా, షార్జా, రాస్ అల్ ఖైమా, అజ్మాన్ వంటి చిన్న ఎమిరేట్ల పేరుతో 1969, 1970 ప్రాంతంలో బంగారు, వెండి నాణేలు వచ్చాయి. అవి తయారైంది విదేశాల్లో, అమ్ముడుపోయింది విదేశీ సేకర్తలకు. ఫుజైరా నాణేలపై చంద్రునిపైకి వెళ్లిన అపోలో యాత్ర, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ముఖం ఉన్నాయి! ఆ రోజుల్లో ఫుజైరా చేపల బజారులో మామూలు మనిషి వాడింది ఖతర్, దుబాయి రియాలు. తన దేశం పేరు చెక్కిన బంగారు నాణేన్ని ఆ జాలరి బహుశా కంటితో కూడా చూసి ఉండడు. తర్వాత హిజ్రీ 15వ శతాబ్ది ప్రవేశించినప్పుడు, 1980, 81లలో, జోర్డాన్, కువైట్ వంటి దేశాలు హిజ్రత్ స్మారకంగా బంగారు నాణేలు వెలువరించాయి. మక్కాలో ఇల్లు, ఆస్తి, అంగడి వదిలేసి వట్టి చేతులతో నడిచి వెళ్లిన ముహాజిర్ల జ్ఞాపకార్థం బంగారు నాణెం! ఉద్దేశం మంచిదే కావచ్చు, దాన్ని తప్పుపట్టడం నా పని కాదు. ఎందుకో మనసుకు మాత్రం కొంచెం చివుక్కుమంటుంది.

ఇమామ్ గజాలీ (రహ్మలై) హిజ్రీ 505లో మరణించిన మహాపండితులు. బంగారం, వెండి ఎందుకు సృష్టించబడ్డాయో ఆయన తన ‘ఇహ్యా’లో వివరించారు. కుంకుమపువ్వును ఒంటెతో ఎలా పోల్చాలి? వస్త్రాన్ని ఇంటితో ఎలా పోల్చాలి? వాటి మధ్య విలువ తేల్చడానికి ఒక న్యాయమూర్తి కావాలి. ఆ న్యాయమూర్తులే దీనారు, దిర్హము. చేతులు మారుతూ ఉండడమే వాటి పని. వాటిని పోగుచేసి దాచినవాడు ప్రజలకు తీర్పు చెప్పవలసిన న్యాయమూర్తిని చెరసాలలో పెట్టినవాడితో సమానమని ఆయన భావం. ప్లాస్టిక్ డబ్బీలో ధృవపత్రంతో బిగించిన నాణేన్ని చూసినప్పుడు నాకు ఈ మాటే గుర్తుకొస్తుంది. ఆ ఖైదీకి ఏటా ఒకసారి విడుదల ఉంది, దాని పేరు జకాత్.

ఇక మన హైదరాబాదు కథ. జహంగీరు చక్రవర్తి ఆగ్రాలో హిజ్రీ 1022 (క్రీ.శ. 1613)లో ముద్రింపజేసిన వెయ్యి తులాల మొహరు గురించి మీరు వినే ఉంటారు. బరువు దాదాపు 12 కిలోలు, వెడల్పు 20 సెంటీమీటర్లకు పైన. దాన్ని ఎవరు జేబులో పెట్టుకుని బజారుకు వెళ్తారు? రాజవైభవాన్ని చాటడానికి, అతిథులకు బహూకరించడానికి చేసిన నాణెం అది. ఈనాటి స్మారక నాణేలకు అది తాత అనుకోండి. అలాంటి మొహరు నిజాముల ఖజానాలో ఉండేదని, చివరి నిజాము మనవడు ముకర్రం జా చేతికి వచ్చిందని చెబుతారు. 1987 నవంబరులో అది జెనీవాలో అంతర్జాతీయ సేకర్తల ముందు వేలానికి వచ్చింది. మన సి.బి.ఐ. దర్యాప్తు చేసింది. ముప్పై అయిదేళ్ల తర్వాత 2022లో కేంద్ర ప్రభుత్వం మళ్లీ వెతుకులాట మొదలుపెట్టిందని పత్రికల్లో వచ్చింది. ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో మరణించారు, మక్కా మసీదు ఆవరణలో ఖననం చేశారు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక! మొహరు ఆచూకీ మాత్రం నేటికీ లోకానికి తెలియదు. నాలుగు వందల ఏళ్లలో అది ఎందరి చేతులు మారిందో ఊహించండి. ఆ 12 కిలోల బంగారంపై ఏడాది జకాత్ 300 గ్రాములు. ఎన్ని సంవత్సరాలు, ఎన్ని మూడు వందల గ్రాములు! చెల్లించారో లేదో అల్లాహ్‌కే ఎరుక. మనం ఎవరి కర్మల పత్రమూ తెరవనక్కర్లేదు, మనది మనకు చాలు.

ఇదే వంశంలోని మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గురించి మన సభల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. 1965 యుద్ధకాలంలో ఆయన దేశానికి 5 టన్నుల బంగారం దానం చేశారని! గొప్పలు చెప్పుకోవడంలోనూ సత్యం పాటించాలి కదా. ఆయన ఇచ్చింది 4 లక్షల 25 వేల గ్రాములు, అంటే 425 కిలోలు. అదీ దానంగా కాదు, 6.5 శాతం వడ్డీ ఇచ్చే ప్రభుత్వ బంగారు బాండ్లలో మదుపుగా. అందులో పాత మొహరులు చాలా ఉన్నాయి. వాటిని కరిగించకుండా విదేశాలకు పంపితే పురాతన వస్తువులుగా ఎక్కువ ధర, కోటి రూపాయల దాకా రావచ్చని 1965 డిసెంబరులో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి హైదరాబాదులోనే బహిరంగ సభలో అన్నారు. నాణెం విలువ రెండు రకాలని ఆ రోజే తేలింది. ఒకటి బంగారం విలువ. రెండోది, సేకర్త మోజుకు పలికే విలువ.

ఈ రెండింటిలో ఏది నిజమైనది? దొంగలను అడగండి! కెనడా టంకశాల 2007లో 100 కిలోల బంగారంతో ఒక నాణెం తయారుచేసింది. అలాంటిది ఒకటి బెర్లిన్‌లోని బోడే మ్యూజియంలో ప్రదర్శనలో ఉండగా 2017 మార్చిలో దొంగలు ఎత్తుకుపోయారు. దొంగలకు శిక్షపడింది గాని నాణెం దొరకలేదు. ముక్కలు చేసి కరిగించి ఉంటారని అధికారులు భావించారు. కొలిమిలో పడ్డాక శిల్పం, ధృవపత్రం, పేరు ప్రతిష్ఠలు అన్నీ పోతాయి. మిగిలేది బంగారమే. “నాది కళాఖండం, బంగారం కాదు” అనే వాదన అక్కడ నిలవదు, అల్లాహ్ ముందూ నిలవదు.

ఇక లెక్కకు వద్దాం. ఒక సోదరుని వద్ద ఒక్కొక్కటి 31.1 గ్రాముల నాణేలు మూడు ఉన్నాయనుకోండి. మొత్తం 93.3 గ్రాములు. 87.48 గ్రాముల పరిమితి దాటింది, చాంద్రమాన సంవత్సరం గడిచింది. లెక్క సులువు కోసం గ్రాము ధర 10 వేల రూపాయలు అనుకుందాం (2025లోనే ధర ఈ అంకె దాటింది, మీరు చెల్లించే రోజు ధర చూసుకోండి). బంగారం విలువ 9 లక్షల 33 వేలు. అందులో నలభయ్యో వంతు 23,325 రూపాయలు. కాని ఆ మూడు నాణేలు అరుదైనవి కనుక సేకర్తల బజారులో 12 లక్షలు పలుకుతున్నాయనుకోండి. అప్పుడు నలభయ్యో వంతు 30 వేలు. తేడా 6,675 రూపాయలు. ఇది ఇవ్వాలా, అక్కర్లేదా?

మన ఫుఖహాల సూక్ష్మదృష్టికి ఆశ్చర్యపోవలసింది ఇక్కడే. ఈ ప్రశ్నను వారు వందల ఏళ్ల కిందటే చర్చించారు. వారు తీసుకున్న ఉదాహరణ వెండి కూజా. తూకం 200 దిర్హములు, పనితనం వల్ల ధర 300 దిర్హములు. జకాత్‌ను వెండితోనే ఇస్తే ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ప్రకారం తూకం చూస్తారు, 5 దిర్హముల వెండి ఇస్తే సరిపోతుంది. వేరే జాతి వస్తువుతో, ఉదాహరణకు బంగారంతో ఇస్తే ధరనే చూడాలని హనఫీ గ్రంథాలు చెబుతాయి. దీన్ని నాణేనికి అన్వయిస్తే, 2.33 గ్రాముల బంగారాన్నే ఇచ్చేవారు తూకంతో బయటపడతారు. రూపాయల్లో ఇచ్చేవారు బజారులో నిజంగా వచ్చే ధర ప్రకారం ఇవ్వడం క్షేమకరం. నా ఉద్దేశంలో ఆ 6,675 రూపాయలు పేదవానివి. ఇక అమ్మి లాభం పొందాలనే సంకల్పంతోనే కొన్న నాణేలైతే అవి వ్యాపార సరుకు, వాటికి బజారు ధరే లెక్క. మీ పరిస్థితి వివరంగా చెప్పి దగ్గర్లోని ముఫ్తీ గారిని అడిగి తెలుసుకోండి.

మరి పాత సవరన్ల సంగతి? చాలామంది ఇళ్లలో నానమ్మలు ఇచ్చిన బ్రిటిషు సవరన్లు ఉన్నాయి. ఒక్కోటి 7.98 గ్రాములు, 22 కేరట్లు. మేలిమి బంగారం 7.32 గ్రాములు, మిగతాది రాగి. బంగారం పాలు ఎక్కువైతే మొత్తాన్ని బంగారంగానే లెక్కించాలని హనఫీ పండితులంటారు. ఆ ప్రకారం 11 సవరన్లు ఉంటే 87.8 గ్రాములు, నిసాబ్ దాటినట్లే. మేలిమి బంగారాన్నే లెక్కించి 85 గ్రాములు చూసేవారికి 12 కావాలి. బంగారం తక్కువ ఉందని నిశ్చింతగా కూర్చోకండి. హనఫీ విధానంలో బంగారం, వెండి, నగదు, వ్యాపార సరుకు కలిపి చూస్తారు. అన్నీ కలిపి 612.36 గ్రాముల వెండి ధరకు సమానమైతే చాలు. నెల జీతం బ్యాంకులో పడే నార్సింగి ఉద్యోగికి ఒక్క సవరను ఉన్నా అది లెక్కలోకి వచ్చినట్లే.

జకాత్ తర్వాత సేకర్తలు ఎక్కువగా జారిపడేది మార్పిడి దగ్గర. నాణేల సేకర్తలు పరస్పరం మార్చుకుంటారు. ఒక పాత మొహరుకు రెండు కొత్త నాణేలు, పైన కొంత డబ్బు అన్నట్లుగా. బంగారానికి బంగారం మార్చుకుంటే తూకం సమానంగా ఉండాలి, అక్కడికక్కడే చేతులు మారాలి, ఎక్కువ తీసుకుంటే అది వడ్డీ అన్నది హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) ఉల్లేఖించిన హదీసు భావం. పనితనం, అరుదుదనం అనే సాకు అక్కడా ఉండేది. ఖైబర్ రోజున హజ్రత్ ఫజాలా బిన్ ఉబైద్ (రజి) బంగారం, పూసలు కలిసిన ఒక హారాన్ని 12 దీనార్లకు కొన్నారు. విడదీసి చూస్తే అందులో బంగారమే 12 దీనార్లకు మించి ఉంది. విడదీయనిదే అలాంటిది అమ్మరాదని దైవప్రవక్త (స) ఆదేశించారు. దారి లేదా అంటే ఉంది. హజ్రత్ బిలాల్ (రజి) నాసిరకం ఖర్జూరాలు రెండు పాళ్లు ఇచ్చి మేలురకం ఒక పాలు తెచ్చినప్పుడు, ఇది వడ్డీయేనని, ముందు నీవి అమ్మి ఆ సొమ్ముతో మంచివి కొనుక్కోమని ఆయన నేర్పారు. మొహరును రూపాయలకు అమ్మండి, ఆ రూపాయలతో మీకు నచ్చిన నాణెం కొనండి. ఎంత ధరకైనా కొనవచ్చు.

టంకశాలలు కొన్ని పూర్తి సొమ్ము ముందే కట్టించుకుని నాణేన్ని నెలల తర్వాత పంపుతాయి. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ కాగితపు కరెన్సీకి బంగారు, వెండి నాణేల ఆదేశాలే వర్తిస్తాయని తీర్మానించింది. ఆ లెక్కన ముందస్తు బుకింగ్ సరికాదు. ఒక పక్షం స్వాధీనం చేసుకుంటే చాలని భావించే పండితులూ మన ఉపఖండంలో ఉన్నారు. అభిప్రాయభేదం ఉన్న చోట సిద్ధంగా ఉన్న నాణేన్ని డబ్బిచ్చి వెంటనే తీసుకోవడమే మేలు. 2022 డిసెంబరులో మన బేగంపేటలో బంగారు నాణేలిచ్చే యంత్రం పెడితే అందరూ నవ్వుకున్నారు. కార్డు పెడితే అప్పటికప్పుడే నాణెం చేతిలో పడుతుంది. ఈ ఒక్క విషయంలో ఆ యంత్రమే నయం!

బుఖారీ గ్రంథంలో హజ్రత్ ఉఖ్బా బిన్ హారిస్ (రజి) చెప్పిన ఒక సంఘటన ఉంది. ఒకరోజు మదీనాలో అస్ర్ నమాజు ముగియగానే దైవప్రవక్త (స) గబగబా లేచి జనాన్ని దాటుకుంటూ ఇంట్లోకి వెళ్లారు. ఆ తొందర చూసి సహాబాలు కంగారుపడ్డారు. తిరిగి వచ్చి ఆయన కారణం చెప్పారు. ఇంట్లో కొంచెం బంగారం ఉండిపోయినట్లు గుర్తొచ్చిందట, అది తనను ఆపేయడం ఇష్టం లేక పంచిపెట్టమని చెప్పి వచ్చారట. మనం నమాజులో ఉన్నప్పుడు గుర్తుకొచ్చేదీ బీరువాలోని బంగారమే, తాళం వేశామా లేదా అని.

సేకర్తలకు చివరిగా రెండు పనులు చెబుతాను. మీ నాణేలు ఎన్ని, ఒక్కోటి ఎంత తూకం, ఎక్కడ ఉన్నాయి అన్నది కాగితంపై రాసి ఇంట్లోవారికి చూపించండి. రాసిపెట్టవలసినది ఉన్న ముస్లిం తన వీలునామా రాయకుండా రెండు రాత్రులు గడపరాదని హదీసు భావం. డబ్బీ ఉందని తెలియక వారసుల హక్కు మునిగిపోతే ఆ భారం దాచినవానిదే. కొడుకులకు తెలిసి కూతుళ్లకు తెలియకపోయినా అంతే.

రెండోది తేదీ. చాలామంది ఉద్యోగులు ఆదాయపు పన్నుతో పాటే జకాత్ లెక్క కూడా మార్చి 31న చూసుకుంటున్నారు. జకాత్ సంవత్సరం చంద్రునిది, 354 రోజులు. మొదటిసారి నిసాబ్ చేరిన హిజ్రీ తేదీ ఏదో, ఏటా అదే మీ జకాత్ తేదీ. తప్పనిసరై 365 రోజుల సంవత్సరంతో లెక్కకట్టేవారు ఆ అదనపు పదకొండు రోజులకు కూడా కలిపి 2.5 శాతానికి బదులు సుమారు 2.577 శాతం ఇవ్వాలి. పైన చెప్పిన 12 లక్షల నాణేలకైతే అది 30 వేలు కాదు, 30,924 రూపాయలు.